జీతం లేని చోట మంచి మాటే జీతం

మన చేతుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోను వెనకాల ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం కష్టం ఉందంటే మీరు నమ్ముతారా? ఆ ఫోనుకి పునాది లినక్స్ అనే ప్రోగ్రాము. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు దాన్ని సరదాగా మొదలుపెట్టి, ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు అని బయట పెట్టేశాడు. ఆ తర్వాత దేశదేశాల వాళ్లు తలో చెయ్యి వేశారు. ఇవాళ ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లు కూడా దాని మీదే నడుస్తున్నాయి.

ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆవకాయ కొలతలు రాసి వీధిలో అందరికీ పంచితే, ఒకావిడ మెంతులు కాస్త తగ్గిస్తే బాగుంటుందని, మరొకావిడ నూనె ఇలా కాచి పోయమని చెప్పి, అందరూ కలిసి ఆ కాగితాన్ని సరిచేసుకుంటూ పోయినట్టన్నమాట. లినక్స్ మీద పనిచేసే చాలామందికి ఇప్పుడు పెద్ద కంపెనీలు జీతాలిస్తున్నాయి. కానీ దాని చుట్టూ ఉన్న వేలాది చిన్న ప్రోగ్రాములు మాత్రం ఎవరో ఒకరు రాత్రిళ్లు కూర్చుని, పైసా తీసుకోకుండా చూసుకుంటున్నవే.

మహిళల పేజీలో ఈ కంప్యూటర్ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. నాకైతే ఇది కంప్యూటర్ల గురించిన విషయంలా అనిపించలేదు. జీతం లేకుండా పనిచేసే మనిషితో మిగతావాళ్లు ఎలా మాట్లాడతారన్నది అసలు విషయం. అది మనకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు?

పాలిచ్చే ఆవు తన్నితే?

ఈ పనిలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఎక్కడో బ్రెజిల్‌లో ఉన్న మనిషి తను చేసిన మార్పుని పంపితే, జర్మనీలో ఉన్న మరో మనిషి దాన్ని పరిశీలించి బాగుందనో బాగాలేదనో రాసి పంపుతాడు. అంతా అక్షరాల్లోనే. గొంతులోని మెత్తదనం, మొహంలోని చిరునవ్వు అక్షరాల్లో కనిపించవు. పైగా ఆ రాతలు అందరికీ కనిపిస్తాయి, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు అన్నది వీళ్లకి అక్షరాలా వర్తిస్తుంది.

లినక్స్‌లో చాలా ఏళ్లపాటు కటువుగా మాట్లాడటం ఒక గొప్పగా చెలామణీ అయింది. స్వయంగా టోర్వాల్డ్స్ తప్పు చేసినవాళ్లని అందరి ముందూ బండబూతులు తిట్టేవాడు. ప్రతిభ ఉన్నవాడు కాబట్టి భరించాలనేవారు చుట్టూ ఉన్నవాళ్లు. పాలిచ్చే ఆవు తన్నినా భరించాలన్న సామెత మనకీ ఉందిగా!

2013లో సేజ్ షార్ప్ అనే ఇంజనీరు ఇది పద్ధతి కాదని అందరి ముందూ నిలదీశారు. షార్ప్ సామాన్యులేం కాదు. మనం పెన్ డ్రైవ్ పెట్టుకునే యూఎస్‌బీ ఉంది చూశారూ, దాని మూడో తరం లినక్స్‌లో పనిచెయ్యడానికి కావలసిన ప్రోగ్రాము రాసింది వారే. అంత పనిమంతులు చెప్పినా పెద్దగా మారిందేం లేదు. 2015లో షార్ప్ ఆ పనికి దణ్ణం పెట్టి బయటికి వెళ్లిపోయారు. సాంకేతికంగా గౌరవం దొరికినా మనిషిగా గౌరవం దొరకలేదన్నది వారి బాధ.

మూడేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరులో, టోర్వాల్డ్స్ స్వయంగా క్షమాపణ చెప్పాడు. తన రాతల్లోని దాడులు అనవసరమైనవని, వాటివల్ల కొందరు ఈ పనికే దూరమై ఉండొచ్చని ఒప్పుకున్నాడు. ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానని చెప్పి కొన్నాళ్లు సెలవు పెట్టాడు. అదే సమయంలో లినక్స్‌కి ఒక ప్రవర్తనా నియమావళి కూడా వచ్చింది. నియమాలొస్తే మంచి పనివాళ్లు పారిపోతారని, లినక్స్ కుప్పకూలుతుందని అప్పట్లో కొందరు గగ్గోలు పెట్టారు. అలాంటిదేం జరగలేదు. టోర్వాల్డ్స్ అక్టోబరులోనే తిరిగొచ్చాడు, లినక్స్ ఇప్పటికీ ఎదుగుతూనే ఉంది.

తన్నే ఆవు పాలు ఎన్నిచ్చిందో అందరం లెక్కపెడతాం. దాని తన్నులకి భయపడి పాక దాకా రాకుండానే వెనక్కి వెళ్లినవాళ్ల లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

రానివాళ్ల లెక్క

ఆ లెక్క పూర్తిగా తెలియకపోయినా కొంత అంచనా వేసే వీలుంది. ఇలాంటి ప్రోగ్రాములు ఎక్కువగా దాచుకునే చోటు గిట్‌హబ్. ఆ సంస్థ 2017లో ఒక సర్వే చేసింది. జవాబిచ్చినవాళ్లలో ఆడవాళ్లు నూటికి ముగ్గురే! సగం మంది ఎవరో ఒకరు దురుసుగా ప్రవర్తించడం కళ్లారా చూశామన్నారు. నూటికి 18 మంది అది తమకే జరిగిందన్నారు. చూసినవాళ్లలో, పడ్డవాళ్లలో నూటికి 21 మంది ఆ కారణంగానే ఆ పని మానేశామని చెప్పారు. ఇక్కడ నాకు రాకూడదేమో అనిపించే మాటలు తగిలాయన్న ఆడవాళ్లు నూటికి 25 మంది అయితే, మగవాళ్లు 15 మంది.

దురుసుతనం మగవాళ్లనీ బాధిస్తుంది, సందేహం లేదు. అయితే దాదాపు అందరూ తనలాంటివాళ్లే ఉన్న గదిలో తిట్టు తినడం వేరు, నూటికి ముగ్గురిలో ఒకరై తినడం వేరు. అబ్బాయి తప్పు చేస్తే 'వీడికి రాదు' అంటారు. అమ్మాయి తప్పు చేస్తే 'ఆడవాళ్లకి రాదు' అంటారు. ఆ భయంతోనే చాలామంది అమ్మాయిలు నోరు విప్పరు, ప్రశ్న అడగరు. అడగని ప్రశ్నకి జవాబెవరిస్తారు?

దీనికి విరుగుడు లేకపోలేదు. గ్నోమ్ అనే ప్రాజెక్టు వాళ్లు ఆడవాళ్ల కోసం ఒక శిక్షణ పథకం మొదలుపెట్టారు. అదే తర్వాత అవుట్‌రీచీ అనే పేరుతో పెరిగింది. కొత్తవాళ్లకి ఒక అనుభవజ్ఞుడిని తోడిచ్చి, మూడు నెలలు భృతి ఇచ్చి, ఇంటి నుంచే పని నేర్పుతారు. మన దేశపు అమ్మాయిలు కూడా ఎందరో దాంట్లో నేర్చుకున్నారు. నేర్పేవాళ్లు ఓపికగా ఉంటే నేర్చుకునేవాళ్లకి కొదవుండదని దీన్నిబట్టి తెలుస్తోంది కదూ!

మెత్తగా మాట్లాడితే పని చెడుతుందా?

'అందర్నీ బుజ్జగిస్తూ కూర్చుంటే తప్పులు దిద్దేదెప్పుడు?' అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న సబబైనదే. కోట్లమంది వాడే ప్రోగ్రాములో తప్పుంటే ఉందని చెప్పి తీరాలి.

నేను కథలు రాస్తాను కాబట్టి ఈ తేడా నాకు అనుభవంలో తెలుసు. తిరిగొచ్చిన నా కథల్లో ఒకదాని మీద 'ఇలాంటివి రాసి మా టైము వృథా చెయ్యకండి' అని ఉంది. ఇంకో పత్రిక ఎడిటర్ గారు 'మొదటి రెండు పేజీలూ బాగున్నాయి, ముగింపుకి తొందరపడ్డారు, కోడలి వైపు నుంచి ఒకసారి ఆలోచించి చూడండి' అని కార్డు ముక్క రాశారు. రెండూ తిరస్కారాలే. రెండోది చదివాక ఆ కథని మళ్లీ రాయాలనిపించింది, రాశాను. మొదటి ఉత్తరం నుంచి కథ గురించి నాకు తెలిసింది సున్నా. నిజానికి ఎక్కువ కష్టపడింది రెండో ఎడిటరే. కథ చదివి, లోపం ఎక్కడుందో వెతికి, వేలు పెట్టి చూపించారు.

కాబట్టి మర్యాదంటే తప్పుని దాచడం అనుకోనక్కర్లేదు. తప్పు పనిలో ఉందని చెప్పడం, మనిషిలో ఉందని చెప్పకపోవడం. అంతే!

అడిగేవాళ్లకీ నోరుండాలి

ఇంతవరకూ పెద్దవాళ్లు కొత్తవాళ్లని కసురుకోవడం గురించే చెప్పుకున్నాం. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఉచితంగా వాడుకునేవాళ్లు, చేసిపెట్టేవాళ్లని దబాయించడం! టిఫిను పావుగంట ఆలస్యమైతే 'ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా' అనిపించుకున్న ప్రతి ఇల్లాలికీ ఈ దబాయింపు సంగతి వివరించక్కర్లేదు.

ఎక్స్‌జెడ్ అని ఒక ప్రోగ్రాము ఉంది. పెద్ద ఫైళ్లని కుదించి చిన్నవిగా చేసే పని దానిది. ఎన్నో కంప్యూటర్లలో కనిపించకుండా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్క మనిషే, తీరిక వేళల్లో, జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. 2022లో కొన్ని పేర్లతో ఆయనకి వరసగా సూటిపోటి మాటలు మొదలయ్యాయి. పని నత్తనడక నడుస్తోందని, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించమని! తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని గుర్తుంచుకోమని ఆయన చెప్పుకున్నాడు. అయినా వదల్లేదు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒక మనిషి సాయం చేస్తానంటూ ఓపికగా, మంచిగా దగ్గరయ్యాడు. అలసిపోయిన ఆయన మెల్లగా అతనికి బాధ్యతలు పంచాడు. 2024 మొదట్లో ఆ కొత్త మనిషి ప్రోగ్రాములో ఒక దొంగ దారి పెట్టేశాడు. అది అలాగే వ్యాపించి ఉంటే ప్రపంచమంతటా లెక్కలేనన్ని కంప్యూటర్లలోకి దొంగలు దూరగలిగేవారు.

2024 మార్చి 29న ఆ దొంగ దారిని బయటపెట్టింది ఆండ్రెస్ ఫ్రాయింట్ అనే ఇంజనీరు. తన కంప్యూటరు అర సెకను ఆలస్యంగా పలుకుతోందేమిటని కూపీ లాగితే గుట్టు రట్టయింది. ఆ సూటిపోటి మాటలన్నవి కూడా దొంగపేర్లేనని, అంతా ఒక పథకమేనని నిపుణులు అనుమానిస్తున్నారు. ఆలోచించండి. దొంగలకి ఆ ఉపాయం ఎందుకు తట్టింది? ఉచితంగా చేసిపెట్టేవాణ్ణి సాధించడం అక్కడ మామూలు విషయం కాబట్టి! పది మంది సాధిస్తుంటే ఎవరికీ వింతగా అనిపించలేదు కాబట్టి. ఇంకో సంగతి కూడా గమనించాలి. తీయగా మాట్లాడినంత మాత్రాన మంచివాడని నమ్మేయకూడదు. ఆ సమయంలో పదిమంది నిజంగా పని పంచుకుని ఉంటే, ఒక్కడి తీపి మాటలకి అంత విలువ వచ్చేది కాదు.

కాగితం మీది నియమాలు చాలవు

ఇప్పుడు చాలా ప్రాజెక్టులకి ప్రవర్తనా నియమావళి ఉంది. 2014లో కోరలైన్ అడా ఎమ్కీ అనే ఆవిడ రాసిన నమూనాని వేలాది ప్రాజెక్టులు తీసుకున్నాయి. లినక్స్ తీసుకున్నదీ అదే. కానీ గోడకి తగిలించిన నియమం తనంతట తాను పనిచెయ్యదు, అమలు చేసే మనుషులు కావాలి. 2024లో లినక్స్‌లో ఒక ముఖ్యమైన భాగం చూసే ఇంజనీరు తోటివాడిని దుర్భాషలాడితే, ఒక విడత పాటు అతని మార్పులు తీసుకోకుండా ఆపేశారు. అతను చేసిన పని గొప్పదే. 2013లో అయితే ఆ గొప్పతనం చూసి ఊరుకునేవారేమో!

ఇక మన పిల్లల సంగతి. విజయవాడలో, వరంగల్‌లో, చిన్న చిన్న ఊళ్ల కాలేజీల్లో కూడా ఎందరో అమ్మాయిలు కంప్యూటర్ కోర్సులు చదువుతున్నారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేస్తే అనుభవం వస్తుంది, పదిమందికీ పేరు తెలుస్తుంది. వాళ్లని ప్రోత్సహిస్తూనే నాలుగు మాటలు చెప్పి పంపుదాం.

మన భాషలో 'అండీ' ఉంది, 'మీరు' ఉంది, 'కాస్త చూస్తారా' ఉంది. ఇంగ్లీషులో ముక్తసరిగా రాసేసరికి ఆ మెత్తదనమంతా రాలిపోతుంది. అందుకని ఏం జరిగిందో, తను ఏమేం ప్రయత్నించిందో, ఏ సాయం కావాలో వివరంగా రాయమనాలి. 'పనిచెయ్యడం లేదు' అనే ఒక్క ముక్క ఎవరికీ ఉపయోగపడదు. సాయం చేసినవాళ్లకి కృతజ్ఞత చెప్పాలి. కోపం వస్తే ఆ పూటకి జవాబు రాయకుండా పడుకోవాలి. జవాబు రాకపోతే వారం ఆగి మర్యాదగా గుర్తు చెయ్యాలి. అవతలివాళ్లకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

ఇంకొకటి, ముఖ్యమైనది. ఎవరైనా హద్దు మీరితే సర్దుకుపొమ్మని మాత్రం మన అమ్మాయిలకి చెప్పొద్దు. సర్దుకుపోవడం మనకి ఉగ్గుపాలతోనే అలవాటు చేశారు, కొత్తగా నేర్పక్కర్లేదు. ఆ ప్రాజెక్టు నియమాలేమిటో, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో పనిలో చేరకముందే చూసుకోమని చెబుదాం. ఆ వివరం ఎక్కడా కనిపించని చోటుకి వెళ్లనక్కర్లేదు. మంచిగా మాట్లాడే ప్రాజెక్టులు బోలెడున్నాయి. మన పిల్లల తెలివి అలాంటి చోట ఉపయోగపడనీ!