నీటిని మోయాలా, మార్చుకోవాలా?

ఏటా ఆగస్టులో ధవళేశ్వరం గేట్లు ఎత్తగానే పత్రికల్లో ఒక లెక్క మొదలవుతుంది. నేడు ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం పాలు. అదే పేజీలో కింద అనంతపురంలో వాడిపోతున్న వేరుశనగ చేను ఫొటో ఉంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడూ ఇదే చూశాం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి నదుల అనుసంధానం తప్ప మరో దారి తోచదు. అయితే నదులను కలపాలా వద్దా అని వాదించుకునే కాలం మన దగ్గర ఎప్పుడో దాటిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో తవ్విన కర్నూలు-కడప కాలువ తుంగభద్ర నీటిని పెన్నా పరీవాహకంలోకి తీసుకెళ్తూనే ఉంది. తెలుగుగంగ కృష్ణా జలాలను చెన్నై దాకా చేర్చింది. తేల్చుకోవలసిందల్లా ఎలా కలపాలి, ఎంత ఎత్తుకు, ఎవరి ఖర్చుతో అన్నదే.

దేశం మొత్తం మీద ఈ ఆలోచన నడక చాలా నెమ్మది. కేంద్ర నీటిపారుదల మంత్రిగా ఉన్న మన కె.ఎల్. రావు 1972లో గంగా-కావేరి కాలువను ప్రతిపాదించారు. 1980లో జాతీయ ప్రణాళిక సిద్ధమైంది. 1982లో జాతీయ జల అభివృద్ధి సంస్థ ఏర్పడి 30 అనుసంధానాలను గుర్తించింది. సుప్రీంకోర్టు 2002లో ఒకసారి, 2012లో మరోసారి త్వరపడమంది. ఇన్ని దశాబ్దాలకు శంకుస్థాపన దాకా వచ్చిన పెద్ద అనుసంధానాల్లో కెన్-బేత్వా ఒకటి. రూ. 44,605 కోట్ల ఆ పథకానికి 2024 డిసెంబరులో రాయి వేశారు. దాని ఆనకట్ట పన్నా పులుల అభయారణ్యంలో వస్తుంది. ఆ గొడవ అలా ఉంచుదాం. మనకు పాఠం చెప్పగల పథకం ఇంటి దగ్గరే ఉంది.

పట్టిసీమ. 2015లో, ఏడాది తిరగకముందే గోదావరి నీళ్లను కృష్ణా డెల్టాకు పారించిన ఎత్తిపోతల. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. అంటే రోజుకు ముప్పావు టీఎంసీకి కాస్త తక్కువ. అనుకున్న 80 టీఎంసీలు తోడాలంటే దాదాపు 110 రోజులు ఆగకుండా తిరగాలి. దీన్ని వెక్కిరించినవారు చాలామంది ఉన్నారు, నెత్తిన పెట్టుకున్నవారు అంతకన్నా ఎక్కువ. ఇద్దరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. పట్టిసీమ నడిచింది పంపుల గొప్పతనం వల్ల కాదు. ఎత్తిపోసే ఎత్తు తక్కువ. పోలవరం కుడి కాలువ సిద్ధంగా ఉంది. నీరు ప్రకాశం బ్యారేజీ చేరాక పంచడానికి కాటన్ కాలం నాటి కాలువలు, పిల్ల కాలువలు, తూములు అన్నీ ఉన్నాయి. కొత్త ఆయకట్టు ఒక్క ఎకరం కూడా తయారుచేయనక్కర్లేదు. కృష్ణా డెల్టా రైతుకు సకాలంలో నారుమడి పోసుకునే వీలు చిక్కింది, నవంబరు తుపానులకు ముందే కోత పూర్తిచేసుకునే అవకాశమూ దొరికింది.

అసలు విశేషం ఇంకా పైన ఉంది. డెల్టాకు గోదావరి నీరు అందితే, అందుకోసం శ్రీశైలం, నాగార్జునసాగర్‌ల నుంచి కిందికి వదలాల్సిన కృష్ణా నీరు పైనే నిలుస్తుంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, పోలవరం మట్టం 150 అడుగులు. పశ్చిమ కనుమల్లో పడిన వాన తనంతట తానే రాయలసీమ, పాలమూరు ఎత్తుల దగ్గరికి వచ్చి ఆగుతోంది. దాన్ని డెల్టా కోసం కిందికి దించి, కింద ఉన్న గోదావరిని సీమ కోసం పైకి ఎత్తడమంత ఖరీదైన పని మరొకటి లేదు. నీటిని మోయడం కంటే మార్చుకోవడం మేలని నా వాదన. డెల్టాకు బచావత్ ట్రైబ్యునల్ కేటాయించింది 181.2 టీఎంసీలు. అందులో వీలైనంత గోదావరి నుంచి ఇచ్చి, ఆ మేరకు కృష్ణను ఎత్తు ప్రాంతాలకు రాసివ్వాలి.

ఇప్పుడు పోలవరం-బనకచర్ల లెక్క చూద్దాం. 200 టీఎంసీల వరద నీటిని సీమకు చేర్చేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన అంచనా రూ. 80,112 కోట్లు. ఆ నీరంతా ఆరుతడి పంటలకే ఇచ్చి, టీఎంసీకి 10 వేల ఎకరాల చొప్పున 20 లక్షల ఎకరాలు తడిపినా, పెట్టుబడి ఎకరాకు 4 లక్షలు. ఇక కరెంటు. ఒక టీఎంసీని ఒక మీటరు పైకి తోడటానికి పంపుల నష్టాలు కలుపుకొని సుమారు లక్ష యూనిట్లు పడుతుంది. 200 మీటర్లు ఎత్తితే 2 కోట్ల యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే టీఎంసీకి 12 కోట్లు. ఆరుతడి పంటకైతే ఎకరాకు 12 వేలు, టీఎంసీకి 6 వేల ఎకరాలే తడిసే వరికైతే 20 వేలు. ఇది ఏటా పెట్టాల్సిన ఖర్చు. నిర్మాణం మీద వడ్డీ, నిర్వహణ ఇందులో లేవు. ఈ బిల్లు రైతు కట్టలేడు, ఏ ప్రభుత్వమూ అడగలేదు. చివరికి డిస్కంల బకాయిల్లో తేలుతుంది. అంత ఖర్చుపెట్టి తెచ్చిన నీటితో వరి పండిస్తే ఎవరికి లాభమో తెలియదు. కాళేశ్వరం ఎత్తిపోతలలో లక్ష కోట్ల దాకా పోసిన తెలంగాణకు ఈ పాఠం 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగకముందు కరెంటు బిల్లుల్లోనే కనిపించింది. చదవడం మానేశారంతే.

వరద జలాల పథకానికి ఇంకో బలహీనత కాలానిది. గోదావరికి వరద వచ్చేది నాలుగు నెలలు, ఉధృతంగా ఉండేది అందులో కొన్ని వారాలు. రోజుకు రెండు టీఎంసీలు తోడే కాలువలూ సొరంగాలూ ఏడాదిలో మిగతా రోజులు ఖాళీగా పడి ఉండాలి. పైగా చాలా ఏళ్లు గోదావరి పొంగినప్పుడే కృష్ణా పొంగుతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదను చూసింది. 2023లాంటి ఏడాది, కృష్ణకు పైనుంచి నీరు రానప్పుడు మాత్రం గోదావరి ఆదుకోగలదు. ఆ ఏడాది కోసం నీరు దాచుకునే చోటు కావాలి. ఆ చోటే తరిగిపోతోంది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు, ఇప్పుడు 216. సాగర్ 408 నుంచి 312కు పడింది. తుంగభద్ర 132 నుంచి 106కు. మూడింటిలో పూడిక మింగింది సుమారు 215 టీఎంసీలు, అంటే బనకచర్లకు అనుకున్న నీటికన్నా ఎక్కువ. ఆ ఒండ్రునంతా తవ్విపోయడం అయ్యే పని కాదు. ఎగువన నేల కోతను ఆపి ఇక ముందు పూడే వేగాన్ని తగ్గించడం, చెరువులకు మళ్లీ నీటిని నిలిపే శక్తి ఇవ్వడం మాత్రం చేయదగ్గవే. మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువుల లెక్క తీసిన తెలంగాణకు ఈ సంగతి ఒకప్పుడు బాగానే తెలుసు.

ఇంజినీర్లు దాటగలిగినా లాయర్లు దాటలేని చోటు మరొకటుంది. 1980 నాటి గోదావరి ట్రైబ్యునల్ తీర్పు ప్రకారం పోలవరం నుంచి కృష్ణకు మళ్లించే 80 టీఎంసీలలో కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 45. అంతకుమించి మళ్లిస్తే ఆ అదనంలోనూ అదే నిష్పత్తిలో వాటా ఉంటుంది. కింద గోదావరి నీరు కలిపితే పైన కృష్ణా నీరు తగ్గుతుందన్నమాట. పైగా ఆ 45 టీఎంసీలు సాగర్ ఎగువన వాడుకోవాల్సినవి. పాలమూరు-రంగారెడ్డికి తెలంగాణ చూపించిన కేటాయింపులో సగం అవే. అదే నీటిపై సీమ ఆశ పెట్టుకుంది. కృష్ణలో 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచుకున్న 2015 నాటి ఏర్పాటు తాత్కాలికమే. బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ ముందు వాదనలు సాగుతూనే ఉన్నాయి. ఈ చిక్కు విడకుండా 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ నిపుణుల కమిటీ ముందుకు వెళ్లిన బనకచర్ల ప్రతిపాదన వెనక్కి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. ఇచ్చంపల్లి నుంచి కావేరికి కేంద్రం గీసిన గీతదీ ఇదే కథ. అది నమ్ముకున్నది ఛత్తీస్‌గఢ్ ఇంకా వాడుకోని నీటిని. వాడుకోనివ్వకుండా మా నీరు తీసుకెళ్తారా అని వాళ్లు అడుగుతున్నారు, న్యాయంగానే.

సీమ అడుగుతున్నదీ న్యాయమే. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో నీటి విషయంలో తొలి ప్రాధాన్యం ఇస్తామని రాసుకున్నాం. శ్రీశైలం కోసం కర్నూలు జిల్లా ఊళ్లు మునిగాయి. అందుకే ఖర్చు లెక్కలు చెబితే ‘డెల్టాకు లేని లెక్క మాకెందుకు’ అని అక్కడివాళ్లకు కోపం వస్తుంది. కానీ వాళ్లకు కావలసింది 80 వేల కోట్ల పైపు కాదు, శ్రీశైలంలో నికర జలాల హక్కు. పట్టిసీమ వల్ల మిగిలిన నీరు తమదేనని చెప్పే కాగితం సీమ చేతిలో నేటికీ లేదు. ఉపన్యాసాల్లో మాత్రం ఉంది.

దానం చేసే నదిని కూడా ఒకసారి చూడాలి. మిగులు నది అంటున్న గోదావరి డెల్టాలోనే రెండో పంట దాళ్వాకు సీలేరు నీరు వస్తే తప్ప గడవదు. లోటు ఏడాది వంతులవారీ తప్పదు. సముద్రంలోకి పోయే నీరంతా వృథా అనే మాటను కోరంగి మడ అడవుల దగ్గరా, ఉప్పునీరు ఎక్కుతున్న తీర గ్రామాల దగ్గరా నిలబడి అనలేం. ఇంకా, నదులను పెద్ద ఎత్తున కలిపి సాగు పెంచితే నేలకూ గాలికీ మధ్య తేమ మారి, కొన్ని కరువు ప్రాంతాల్లో సెప్టెంబరు వానలు 12 శాతం దాకా తగ్గవచ్చని 2023లో మన శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి హెచ్చరించింది. అది నమూనాల మీద వేసిన అంచనా, అంతిమ తీర్పు కాదు. కానీ తోసిపారేయదగినదీ కాదు. పోలవరం ముంపులో లక్షకు పైగా కుటుంబాలు ఉన్నాయి. వాళ్లలో కోయలు, కొండరెడ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 41.15 మీటర్ల తొలిదశ పేరుతో వాళ్లలో చాలామంది పునరావాసాన్ని తర్వాతికి నెట్టారు. 45.72 మీటర్ల నీటిమట్టాన్ని నమ్ముకున్న ఏ అనుసంధానమైనా ముందు వాళ్ల బాకీ తీర్చాలి.

ఇక ఆఖరి మైలు. సీమలోని హంద్రీ-నీవా ప్రధాన కాలువలో నీరు పారుతుంది, నాయకులు హారతులు ఇస్తారు. కాగితం మీద 6 లక్షల ఎకరాల ఆయకట్టు. పొలానికి నీరు తెచ్చే పిల్ల కాలువలు చాలాచోట్ల లేవు. చెరువులు నింపి భూగర్భ జలం పెంచారు, అది మంచిదే. కానీ కాలువ గట్టు మీద మోటారు పెట్టుకోగలిగిన రైతుకు దక్కింది, రెండు కిలోమీటర్ల అవతలి రైతుకు దక్కలేదు. పిల్ల కాలువలకు శంకుస్థాపన ఫలకాలు వేయరు, పెద్ద కాంట్రాక్టులూ ఉండవు.

కాబట్టి కొత్త టెండర్లు పిలిచేలోపు ఇద్దరు ముఖ్యమంత్రుల కార్యాలయాలూ ఒక పని చేయాలి. గోదావరి నుంచి కృష్ణా డెల్టాకు ఇచ్చే ప్రతి టీఎంసీకి బదులుగా శ్రీశైలంలో నిలిచే నీటిలో సీమకెంత, పాలమూరుకెంత, నల్లగొండకెంత అన్నది రాసుకుని, కర్ణాటక, మహారాష్ట్రల వాటా లెక్కతో సహా ట్రైబ్యునల్ ముందు పెట్టాలి. రైతులు కూడా ఈసారి ఓటడగడానికి వచ్చినవారిని ఎన్ని టీఎంసీలు తెస్తావని అడగవద్దు. మా డిస్ట్రిబ్యూటరీ ఎప్పుడు పూర్తవుతుంది, నీరు ఏ తేదీకి వదులుతావు, ఎకరాకు కరెంటు ఖర్చెంత, అది కట్టేదెవరు అని అడగండి.