జజ్బా ఉంది, జాబితా ఏదీ?

ముసీబత్ వచ్చిందంటే మనవాళ్ల జజ్బాకి కొదవ లేదు. మసీదులో ఒక్క ఎలాన్ చాలు, దేగ్చీలు పొయ్యెక్కుతాయి, దుప్పట్ల మూటలు ఆటో ఎక్కుతాయి. అసలు తంటా ఆ తర్వాతే. మెయిన్ రోడ్డు మీది ఇంటికి నాలుగు జమాత్‌ల పొట్లాలు అందుతాయి. లోపలి గల్లీలోని బేవాకి ఒక్కటీ అందదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు లోపలి వీధులవాళ్ల గోడు ఇదే.

ఈ విషయంలో అమెరికా చర్చిల ఇంతెజామ్ చూసి నేర్చుకోవాలని నా రాయ్. 2012లో శాండీ తుఫాను న్యూజెర్సీని కుదిపేసినప్పుడు, మోర్మన్ చర్చి వలంటీరు ఆరన్ టైటస్ మొదలుపెట్టిన 'క్రైసిస్ క్లీనప్' వెబ్‌సైటు ఎంతో అక్కరకొచ్చింది. దాని తరీఖా చాలా సాదా. సాయం అడిగిన ప్రతి ఇల్లూ మ్యాపు మీద ఒక గుర్తు. ఆ ఇంట్లో బురద తీయాలా, కూలిన చెట్టు కొయ్యాలా, పైకప్పు మీద టార్పాలిన్ కప్పాలా అన్నది రాసి ఉంటుంది. ఒక బృందం 'ఇది మా జిమ్మేదారీ' అని తీసుకోగానే మిగతా బృందాలకి తెలుస్తుంది. పని అయ్యాక అయిందని గుర్తు పెడతారు. ఏ చర్చివాళ్లైనా, ఏ చర్చీ లేనివాళ్లైనా చూసేది అదే జాబితా.

"మనకి వాట్సాప్ ఉందిగా" అంటారు. పొద్దున తీరిన అవసరం రాత్రికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది. అయిపోయిందని చెప్పే దారి అందులో లేదు.

మనం అలాంటిది తయారు చేస్తే మూడు షర్తులు మరవకూడదు. ఒకటి, టైపు చేయడం రాని నానీమా ఫోన్ చేసి తెలుగులోనో ఉర్దూలోనో చెబితే రాసుకునే మనిషి ఉండాలి. రెండు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు అమానత్. ఆడపిల్ల ఒంటరిగా ఉన్న ఇంటి వివరాలు పని ఒప్పుకున్న బృందానికి తప్ప ఎవరికీ కనిపించకూడదు. పొట్లం ఇస్తూ ఫోటోలు వద్దు. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదన్నది మసీదులోనూ చర్చిలోనూ చెప్పే మాటే. మూడు, ఆ ఫారంలో మతం అనే గడి ఉండకూడదు. నీళ్లు మజ్‌హబ్ అడిగి ఇంట్లోకి రావు. 2017లో హార్వే తుఫాను వేళ హ్యూస్టన్ మసీదులు అందరికీ తలుపులు తెరిచాయి.

ఉర్దూలో వలంటీరుకి మాట రజాకార్. మన తెలంగాణలో ఆ మాట నోట రాదు, ఎందుకో అందరికీ తెలుసు. ఖిద్మత్‌గార్ అందాం. ఎవరి దగ్గర మోటారు పంపు ఉంది, ఎవరికి ఈత వచ్చు, ఎవరు కరెంటు పని చేయగలరు అన్న లెక్క వరద రాత్రి తేలదు. వానలకి ముందే రాసి పెట్టుకోవాలి. వచ్చే జుమాకి మీ మొహల్లాలో ఈ మాట ఎత్తండి. పక్క వీధి చర్చివాళ్లనీ, గుడి కమిటీవాళ్లనీ మష్వరాకి పిలవండి.