మీట నొక్కుటతో ముగియని పని

ఫిలిం పోయినది గనుక ఫోటోల శ్రమయు పోయినదను మాట ధామన్కర్ నాకాలోని మన యిండ్లలో తరచుగా వినబడుచున్నది. ఈ మాటను నేనొప్పుకొనజాలను. శ్రమ ఎక్కడికిని పోలేదు. మనమే దానిని రేపటికి నెట్టుచున్నాము.

ఫిలిం చుట్టలో 36 బొమ్మలు మాత్రమే వచ్చెడివి. ప్రతి బొమ్మకును వెల గలదు గనుక మీట నొక్కకముందే ఎంపిక జరిగెడిది. చీకటిగదిలో ఫిలింను డెవలపరులో ముంచి, హైపోలో నిలిపి, కడిగి, ఆరబెట్టి, కాగితముపై అచ్చుతీయు పని స్టూడియోవారిది. ఖర్చు మనది. ఆల్బము ఇల్లు చేరునప్పటికి పని పూర్తియై యుండెడిది.

1888లో జార్జి ఈస్ట్‌మన్ 100 బొమ్మల చుట్టతో కోడక్ కెమెరాను అమ్ముచు, మీట నొక్కుట కొన్నవారి వంతు, తక్కినది తమ వంతు అని చాటెను. ఆ కంపెనీలోనే 1975లో స్టీవెన్ సాసన్ నిర్మించిన ఫిలిం లేని కెమెరాకు ఒక్క బొమ్మను క్యాసెట్టు టేపుపై ఎక్కించుటకు 23 సెకండ్లు పట్టెను. నేటి ఫోనుకు క్షణము చాలును. మరి ఆ తక్కిన పని యెవరిది? ఏరుట, వెలుతురు సరిదిద్దుట, పేర్లు చేర్చుట, మరియొకచోట దాచుట, అచ్చు వేయించుట, అన్నియు మనవే. పెండ్లిలో తీసిన వేయి ఫోటోలను ఒక్కొక్కటి అరనిమిషము చూచినను ఎనిమిది గంటలు దాటును.

ఫోనే ముఖములను పోల్చి వరుసపెట్టునని యువకులందురు. నిజమే. కాని తెలంగాణ పల్లెను విడిచి మగ్గముపనికై భివండి చేరిన తాతగారి ప్రక్కన నిలిచినది మేనత్తయో పినతల్లియో, ఒకరు చెప్పనిదే దానికెట్లు తెలియును?

మరమగ్గముల నడుమ బ్రతుకువారికి ఇది తెలియనిది కాదు. మగ్గము వేగము హెచ్చినకొలది, దిగిన గుడ్డను పరచి, తప్పులు పట్టి, మడతపెట్టు చేతులు మరింత కావలయును. చూడని తానును ఏ వర్తకుడు కొనును?

కావున ఏటేట పండుగకు మగ్గములాగిన దినమున ప్రతి కుటుంబమును ఒక పూట కూర్చుండవలెను. ఆ యేటి ఫోటోలలో 36 ఏరి అచ్చు వేయింపవలెను. పెద్దలు చెప్పగా, మరాఠీ, ఇంగ్లీషు బడులలో చదువు మన పిల్లలు ప్రతిదాని వెనుక పేరు, వరుస, ఊరు, తేదీ తెలుగున వ్రాయవలెను. అచ్చు ఎప్పుడైనను వేయించుకొనవచ్చును. చెప్పగల పెద్దలు ఎల్లప్పుడు ఉండరు.