కాంప్డెన్‌లో ఫొటోలు, అనకాపల్లిలో బైపాస్

ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడి దగ్గరా ఓ ఇంగ్లాండు పల్లెటూరి ఆల్బమ్ ఉంటుంది. నా దగ్గరా ఉందనుకోండి. తేనెరంగు రాతి ఇళ్ళు, వాటిముందు పూలమొక్కలు, మధ్యలో కోటేసుకుని నేను. ఊరు చిప్పింగ్ కాంప్డెన్. 'చిప్పింగ్' అంటే పాత ఇంగ్లీషులో సంత అట. అంటే మన శ్రీకాకుళం వైపు సంతబొమ్మాళి లాంటి పేరన్నమాట! వెన్న, చీజ్, కోళ్ళు అమ్ముకోడానికి 1627లో కట్టిన మార్కెట్ హాలు ఇంకా నిలబడే ఉంది. నేషనల్ ట్రస్ట్ వాళ్ళు దాన్ని జాగ్రత్తగా చూసుకుంటున్నారు. మెచ్చుకోవాల్సిందే.

"ఇలాంటి ఊళ్ళు మనకెక్కడున్నాయి బాస్!" అని నిట్టూర్చాడు మా టీములో ఒకడు. అతనిది గాజువాక. కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటితే అనకాపల్లి. రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా బైపాస్ మీంచి దూసుకుపోతాడే తప్ప, ఊళ్ళో బెల్లం మార్కెట్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూళ్ళేదు. నవ్వకండి, మొన్న సంక్రాంతి తర్వాత వెళ్ళేదాకా నేనూ చూళ్ళేదు.

అక్కడ బెల్లం దిమ్మలు వరసలుగా పేర్చి ఉంటాయి. వర్తకులు ముందు చూసేది రంగు. పసుపుపచ్చగా మెరిస్తే మంచి ధర, నల్లబడితే ధర పడిపోతుంది. చెరకు రసం మరిగేటప్పుడు హైడ్రోస్, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, కలిపితే రంగు తేలుతుంది. మోతాదు మీరితే బెల్లంలో సల్ఫర్ అవశేషాలు మిగులుతాయి. ఇది లేకుండా వండలేరా? బెండకాడల జిగురుతో మడ్డి తీసే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. ఆ ఊళ్ళోనే 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రమూ ఉంది. మరి తెలిసీ ఎందుకేస్తున్నారని ఓ రైతునడిగాను. "నల్లగుంటే మీరు కొంటారేటి బాబూ?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే కొనం! కిరాణా కొట్లో తెల్లటి ముక్క ఏరుకునేది మనమే. మళ్ళీ అదే ముదురురంగు బెల్లానికి 'ఆర్గానిక్' అని లేబులేసి అట్టపెట్టెలో పెడితే, మాల్‌లో రెట్టింపు పోసి కొనేదీ మనమే. మన కంటికి నచ్చడం కోసం రైతు మందు కలుపుతాడు. తర్వాత "అన్నీ కల్తీలే" అని ఫార్వర్డ్ మెయిల్ పంపేదీ మనమే.

"అక్కడ మురికి, ఈగలు" అంటారా? ఉన్నాయి. యార్డు శుభ్రంగా ఉంచమని గట్టిగా అడగాల్సిందే. కానీ కాంప్డెన్ హాలు కింద కోళ్ళమ్మిన రోజుల్లో రెట్టలు లేవంటారా? అమ్మకాలు ఆగిపోయాకే ఏ సంతైనా ఫొటోకి అంత అందంగా వస్తుంది.

అనకాపల్లి 2022లో జిల్లా కేంద్రమైంది, కానీ ఆ చుట్టుపక్కల చెరకు సాగు తగ్గిపోతోంది. బెల్లం గిట్టకపోతే రైతు సరుగుడో, యూకలిప్టస్సో వేసుకుంటాడు. అప్పుడా యార్డుని కూడా కడిగి, బోర్డు పెట్టి, టిక్కెట్టు కొనుక్కుని చూద్దాం, సరేనా?

అలా కాకూడదనుకుంటే, ఈసారి బైపాస్ ఎక్కకుండా ఊళ్ళోకి దిగండి. మందు వెయ్యని బెల్లం ఎవరిదో అడిగి, నల్లగా ఉన్నా సరే, బేరమాడకుండా ఓ దిమ్మ కొనండి. ఫొటో తర్వాత తీసుకోవచ్చు.