నెత్తురు పలచబడే మాత్రలు – సూదిమందు

"మా అత్తగారికి గుండె కవాటం మార్చారు. రోజూ ఎసిట్రాం మాత్ర వేసుకుంటారు. మోకాళ్ళ నొప్పికి సూది వేయించమని ఒకటే పోరు. వేయించవచ్చునా?" అని తెనాలి నుంచి ఒక సోదరి అడిగారు.

వద్దమ్మా. ఆ మాత్ర వేసుకునేవారికి నెత్తురు త్వరగా గడ్డకట్టదు. పైగాయమైతే కంటికి కనబడుతుంది, నొక్కిపట్టుకుంటాం. సూది కండలోకి దిగినచోట రక్తనాళం చిట్లితే నెత్తురు లోలోపలే చేరుతుంది. పిరుదు గట్టిపడి సలుపు పుట్టేదాకా ఎవరికీ తెలియదు. పైగా నొప్పికి తరచు పొడిచే డైక్లోఫెనాక్ తానే రక్తస్రావాన్ని పెంచే మందు. మాత్రగా మింగినా ఆ చిక్కు తప్పదు. పారాసిటమాల్ నయం, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

అలాగని టీకాలు మానిపించకండి. టీకాలో మందు సాధారణంగా అర మిల్లీలీటరే. ఇటీవల చేయించిన ఐ.ఎన్.ఆర్. పరీక్ష హద్దులో ఉంటే, సన్నని సూదితో జబ్బకు వేయించవచ్చు. వేసేవారికి మాత్ర సంగతి ముందే చెప్పండి. తరువాత రెండు నిమిషాలకు తక్కువ కాకుండా అదిమిపట్టాలి. రుద్దకూడదు సుమా! మన ఇళ్ళలో రుద్దందే తోచదు.

సూది కోసమని మీ అంతట మీరు ఎసిట్రాం మాత్రం ఆపవద్దు. లోహపు కవాటం మీద నెత్తురు గడ్డకడితే ప్రాణానికే ముప్పు. ఇదివరకే సూది వేయించి ఉంటే, ఆ చోట వాపు పెరిగినా, కాలు తిమ్మిరెక్కినా, తెల్లవారనిద్దామనుకోక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.