ఆ సీసా అయిపోయాక? గ్లకోమా గురించి బ్రిటన్ నేర్పే పాఠం

ఇంగ్లండ్‌లో ఒక నియమం ఉంది. తల్లికో తండ్రికో తోబుట్టువుకో కన్నబిడ్డకో గ్లకోమా ఉంటే, నలభై నిండిన మనిషికి కంటి పరీక్ష ఉచితం. కళ్లజోళ్ల షాపులో ఉండే ఆప్టోమెట్రిస్టు దగ్గరికి వెళ్లి ఆ సంగతి చెబితే చాలు, ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య సేవ భరిస్తుంది. స్కాట్లండ్ ఇంకా ముందుకు వెళ్లింది. 2006 నుంచి అక్కడ కంటి పరీక్షకు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. 2011 నుంచి డాక్టరు రాసిన మందులకూ తీసుకోరు. గ్లకోమాకు, అంటే నీటికాసుల జబ్బుకు వైద్యం అనగానే మనకు చుక్కల మందే గుర్తొస్తుంది. ఆ చుక్క పనిచేయాలంటే దానికి ముందు, తర్వాత ఏమేం ఉండాలో ఈ ఏర్పాట్లు చూస్తే అర్థమవుతుంది.

ముందు ఉండాల్సింది, జబ్బును వెతికి పట్టుకోవడం. కంటిలో ఊరే ద్రవం సరిగ్గా బయటికి పోకపోతే లోపల ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం) మధ్య ఉంటుంది. పెరిగిన ప్రెషర్ కంటి నరాన్ని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. ఎక్కువమందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది కాబట్టి చాలాకాలం తెలియదు. శుక్లానికైతే ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. గ్లకోమాలో పోయిన చూపు ఇక రాదు. 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో కంటి జబ్బుల మీద పెద్ద సర్వే చేసింది. హైదరాబాద్ నగరంలో ఈ జబ్బు బయటపడ్డవారిలో అత్యధిక శాతం మందికి అప్పటిదాకా తమకు అది ఉందనే తెలియదు. రక్తసంబంధీకుల్లో ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ. ఇంగ్లండ్ నియమం కుటుంబాన్ని పట్టుకుని వెతకడానికి కారణం అదే.

చుక్క నిజంగా చూపును కాపాడుతుందా అన్న ప్రశ్నకూ బ్రిటన్‌లోనే గట్టి జవాబు దొరికింది. పది ఆసుపత్రుల్లో కొత్తగా జబ్బు బయటపడ్డ 516 మందిని తీసుకుని, సగం మందికి లాటనోప్రోస్ట్ చుక్కలు, మిగతా సగానికి మందు లేని చుక్కలు ఇచ్చారు. 2015లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. రెండేళ్లలో చూపు పరిధి తగ్గినవారు మందు లేనివాళ్లలో దాదాపు 26 శాతం, మందు వాడినవాళ్లలో దాదాపు 15 శాతం. రాత్రికి ఒక్క చుక్కతో వచ్చిన తేడా అది.

అయితే ఆ చుక్క రోజూ పడాలి, కంట్లోనే పడాలి. 2.5 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు ఎనభై చుక్కలుంటాయి. రెండు కళ్లకూ నెలకు అరవై కావాలి. చేయి వణికి రెండేసి, మూడేసి చుక్కలు చెంప మీద కారిపోతే నెల తిరగకముందే సీసా ఖాళీ. బాధేమీ లేదు కదా అని కొత్తది కొనడం వాయిదా పడుతుంది. ప్రెషర్ మళ్లీ పెరిగినా కన్ను చెప్పదు. అందుకే చుక్క వేసే పద్ధతి కూడా వైద్యంలో భాగమే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వేయాలి. కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. అలా చేస్తే మందు ముక్కులోకి జారి రక్తంలో కలవడం తగ్గుతుంది. టిమోలాల్ అనే మరో చుక్కల మందు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అసలు పనికిరాదు, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి.

ఎంత జాగ్రత్తపడ్డా మనిషి మరిచిపోతాడు. బ్రిటన్ వైద్యులు రోగిని తిట్టడంతో ఆగకుండా వైద్యాన్నే మార్చి చూశారు. 718 మందిలో సగానికి చుక్కలతో, సగానికి ఎస్‌ఎల్‌టీ అనే లేజర్‌తో చికిత్స మొదలుపెట్టారు. కొద్ది నిమిషాల్లో అయిపోయే ఆ లేజర్ ద్రవం బయటికి పోయే జల్లెడలాంటి భాగాన్ని చురుకు చేస్తుంది. మూడేళ్ల తర్వాత లేజర్ వర్గంలో నాలుగింట మూడు వంతుల మందికి చుక్కల అవసరమే రాలేదు. ప్రెషర్ తగ్గించే ఆపరేషన్ చుక్కల వర్గంలో 11 మందికి కావలసివచ్చింది, లేజర్ వర్గంలో ఒక్కరికీ కాలేదు. 2019లో ఈ ఫలితాలు వచ్చాక, 2022 జనవరిలో ఇంగ్లండ్ వైద్య మార్గదర్శకాలు మారాయి. కొత్తగా జబ్బు బయటపడ్డ చాలామందికి ముందు లేజరే సూచించాలన్నాయి.

ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెచ్చుకోలేం. ద్రవం బయటికి పోయే కోణం మూసుకుపోయే రకం గ్లకోమా యూరప్ కంటే మన దగ్గర ఎక్కువ. దానికి ఎస్‌ఎల్‌టీ కాదు, కనుపాప చుట్టూ ఉండే రంగు పొరలో (ఐరిస్‌లో) చిన్న రంధ్రం చేసే వేరే లేజర్ కావాలి. ఏ రకమో తేలాలంటే ప్రత్యేకమైన లెన్స్ పెట్టి కోణాన్ని చూడాలి. ఆ పరీక్ష చేయకుండా చుక్కలు రాయడం సగం వైద్యమే. పైగా మనవాళ్లు నరం చాలావరకు పోయాక వస్తారు. వాళ్లలో కొందరికి లేజరూ చుక్కలూ చాలవు, ఆపరేషనే దారి.

తెచ్చుకోగలిగినవి మాత్రం ఉన్నాయి. ఒకరికి జబ్బు బయటపడిన రోజే వాళ్ల అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, నలభై దాటిన పిల్లలకు పరీక్ష చేయించమని అదే మందుల చీటీ మీద రాయాలి. తెలంగాణ 2018లో, ఆంధ్రప్రదేశ్ 2019లో కంటి వెలుగు పేరుతో పెద్ద ఎత్తున కంటి పరీక్షలు మొదలుపెట్టాయి. అంతమంది దగ్గరికి వెళ్లగలమని రుజువైంది కాబట్టి, కళ్లజోడు ఇచ్చే చోటే కంటి నరాన్ని కూడా చూసే ఏర్పాటు కావాలి. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చినట్టే గ్లకోమా చుక్కలూ నెలనెలా ఇవ్వాలి. మందు కొనలేక చూపు పోవడం ఏ ప్రభుత్వమూ ఒప్పుకోకూడని సంగతి.

ప్రభుత్వం కదిలేదాకా మన ఇంట్లో చేయగలిగింది మనం చేద్దాం. అమ్మకో నాన్నకో ఈ చుక్కలుంటే ఎలా వేసుకుంటున్నారో పక్కన కూర్చుని ఒకసారి చూడండి. సీసా అడుగంటకముందే కొత్తది తెచ్చిపెట్టండి. డాక్టరు చెప్పకుండా ఆపనివ్వకండి. మీకు నలభై దాటితే వాళ్లతోపాటు వెళ్లి మీ కళ్లూ చూపించుకోండి.