మనకు నేర్పింది గ్రాంథిక ఇంగ్లీషు

కొన్నేళ్ల క్రితం ఒక క్లయింట్ కాల్‌లో అవతలి టీమ్ లీడ్ ఒక రిక్వైర్‌మెంట్ గురించి 'వి షుడ్ పుష్ బ్యాక్ ఆన్ దిస్' అన్నాడు. నేను బుద్ధిగా నోట్ చేసుకున్నాను. పుష్ అంటే నెట్టడం, బ్యాక్ అంటే వెనక్కి. అంటే తేదీని వెనక్కి నెట్టమంటున్నాడు. కాల్ అవగానే రిలీజ్ తేదీని రెండు వారాలు జరిపి టీమ్ మొత్తానికీ మెయిల్ కొట్టాను. మూడో రోజు కాల్‌లో 'తేదీ ఎవరు మార్చారు?' అని అడిగారు. నేనేనని చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక కొలీగ్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆయన తేదీ సంగతే ఎత్తలేదట. ఆ రిక్వైర్‌మెంట్‌కు ఒప్పుకోవద్దన్నాడట. అడ్డం తిరగమన్నాడట.

తమాషా ఏమిటంటే, తేదీల విషయంలో అదే మాటకు నేననుకున్న అర్థం కూడా ఉంది. చివర్లో వచ్చిన చిన్న 'ఆన్' నా కొంప ముంచింది. ఇంకో తమాషా, 'అడ్డం తిరగమన్నాడు' అనగానే నాకు సెకనులో అర్థమైంది. అడ్డం తిరగడమంటే అడ్డంగా నిలబడి గుండ్రంగా తిరగడం కాదని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

నాది ముప్కాల్. 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఆర్మూర్ దాటి నిర్మల్ వైపు పోతుంటే తగులుతుంది. అక్కడి బడిలో నేను ఇంగ్లీషులో ఫస్టు. పోస్ట్‌పోన్, టాలరేట్, ఇన్వెస్టిగేట్, ఎక్స్‌టింగ్విష్ నాకు స్పెల్లింగులతో సహా వచ్చు. ఫ్రేజల్ వర్బులూ నేర్పారు, కాదనను. ఎలా నేర్పారన్నదే నా గొడవ. ఎడమవైపు 'పుట్ ఆఫ్', కుడివైపు 'పోస్ట్‌పోన్'. ఎడమవైపు 'పుట్ అప్ విత్', కుడివైపు 'టాలరేట్'. పరీక్షలో చిన్న మాటల జంట ఇస్తారు, దాన్ని కొట్టేసి బరువైన ఒక్క మాట రాస్తే ఒక మార్కు. అంటే ఫ్రేజల్ వర్బ్ మాకు ఒక పొడుపుకథ. దాన్ని విప్పి పారేయాలి. వాడకూడదు.

ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్నవాళ్లకు ఈ వరస సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. వాళ్ల పిల్లలకు ముందు వచ్చేవి గెట్ అప్, పుట్ ఆన్, సిట్ డౌన్. పోస్ట్‌పోన్, టాలరేట్ బడికి పోయాక వస్తాయి. దీనికో చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కోర్టుల్లో, దొరల ఇళ్లలో ఫ్రెంచి నడిచింది. చర్చిలో, చదువుల్లో లాటిన్ నడిచింది. వంటింట్లో, పొలంలో మాత్రం పాత మాటలే మిగిలాయి. ఆ పాత చిన్న క్రియలకు అప్, ఆఫ్, అవుట్ తగిలించి జనం కొత్త అర్థాలు పుట్టించుకున్నారు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, పరాయివాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఈ జంటలేనని. 'ఫ్రేజల్ వర్బ్' అన్న పేరు జనంలోకి వచ్చింది మాత్రం 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో. జనం నోళ్లలో శతాబ్దాలు నడిచాకగానీ దానికో పేరు దొరకలేదు.

కాబట్టి మనం నేర్చుకున్నది తప్పు ఇంగ్లీషు కాదు. గ్రాంథిక ఇంగ్లీషు. పోస్ట్‌పోన్ మంచి మాటే, ఆఫీసు ఉత్తరంలో దర్జాగా కూర్చుంటుంది. కానీ అదొక్కటే వచ్చినవాడి పరిస్థితి, 'నాన్నగారు నిద్రించుచున్నారు' అని తెలుగు నేర్చుకుని మా ఊరి బస్టాండులో దిగినవాడి పరిస్థితి లాంటిదే. పోస్ట్‌పోన్‌కు ఎదురుమాట కావాల్సి వచ్చినప్పుడు 'బ్రింగ్ ఫార్వర్డ్' మనకు తట్టలేదు. ప్రీపోన్‌ను పట్టుకున్నాం. అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకూ ఎక్కింది. మనకు తెలివి లేక కాదు, చేతికిచ్చిన సామాను లాటిన్‌ది కాబట్టి.

గ్రాంథికం అనగానే ఈ పత్రిక పాఠకులకు గిడుగు రామమూర్తి గుర్తొస్తారు. ఆ కథలో ఇంగ్లీషు పాఠాలకూ చోటుందని మనం మరిచిపోతుంటాం. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారుల బడుల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఎ. యేట్స్ ఇంగ్లీషువాడు. జీవభాషను నోటి వాడుకతోనే నేర్పాలన్నది ఆయన పట్టు. క్లాసులో పుస్తకం తెలుగుకూ బయట జనం తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. పర్లాకిమిడి మేష్టారు గిడుగును ఆ ప్రశ్న వదల్లేదు. 1913లో ఆధునిక తెలుగు మీద మెమొరాండం వచ్చింది, 1919లో 'తెలుగు' పత్రిక వచ్చింది. ఇవాళ నేను ఈ వ్యాసం ఇలా రాయగలుగుతున్నానంటే ఆ గొడవ పుణ్యమే. ఆగస్టు 29న ఆయన పేరు మీద, సెప్టెంబరు 9న కాళోజీ పేరు మీద భాషా దినోత్సవాలు చేస్తాం. జనం నోటి భాషకు రెండుసార్లు దండం పెట్టి, మర్నాడు క్లాసులో ఇంగ్లీషుకు మళ్లీ గ్రాంథికమే పట్టిస్తాం.

దీనికి మార్కెట్లో దొరికే మందు ఒకటుంది. ఏ స్పోకెన్ ఇంగ్లీషు వీడియో చూసినా మొదటి సలహా అదే: తెలుగులో ఆలోచించడం మానేయండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి. తర్వాత ఐదువందల ఫ్రేజల్ వర్బుల పీడీఎఫ్ చేతిలో పెడతారు. ఈ సలహాతోనే నాకు అసలు పేచీ. రాని భాషలో ఎవడైనా ఎలా ఆలోచిస్తాడు? వచ్చిన భాషను వదిలేయమనడం, ఈత నేర్చుకోవాలంటే ముందు కాళ్లు ఒడ్డున పెట్టి రమ్మన్నట్టు ఉంది. పైగా ఫ్రేజల్ వర్బ్ దగ్గర తెలుగువాడికి తన భాష అడ్డం కాదు. అదే ఆసరా.

ఒక్క 'పెట్టు' తీసుకోండి. పేరు పెట్టు, ముద్దు పెట్టు, ముహూర్తం పెట్టు, ఫోన్ పెట్టేయ్, కూడబెట్టు, ఎగబెట్టు. 'పడు' చూడండి: కనబడు, నిలబడు, కలబడు, తిట్లు పడు, బయటపడు. వీటిలో ఎక్కడ ఎవడు కింద పడ్డాడు? 'కొట్టు' సంగతి చెప్పక్కర్లేదు. అప్పు ఎగ్గొట్టినా, క్లాసు ఎగ్గొట్టినా దెబ్బలు ఎవరికీ తగలవు. మా ఊళ్లో పసుపు పని మొత్తం ఈ క్రియల మీదే నడుస్తుంది. తవ్విన పసుపును ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, తూకం వేయాలి. ఉడకబెట్టడంలో 'పెట్టు' పని ఏదో ఒకచోట ఉంచడం కాదు, ఉడికేలా చేయడం. ఈ సంగతి మా ఊళ్లో నాలుగేళ్ల పిల్లకు తెలుసు. లిస్టు లేకుండా తెలుసు.

ఇంగ్లీషు చేసేదీ ఇంచుమించు ఇదే. మనం క్రియకు ఇంకో క్రియను తగిలిస్తాం, వాళ్లు చిన్న మాటను తగిలిస్తారు. 'ఈట్' అంటే తిను, 'ఈట్ అప్' అంటే తినేయ్. 'డ్రింక్ అప్' అంటే తాగేయ్. 'డ్రై అప్' ఎండిపోవడం, 'బర్న్ డౌన్' కాలిపోవడం. ఆ 'అప్' ఎటు పైకి పోతోందని తల పట్టుకోనక్కర్లేదు. మన 'ఏయ్', మన 'పోవు' చేసే పనే అది చేస్తోంది: మొత్తం అయిపోయింది, ఇక మిగల్లేదు అని చెప్తోంది. 'థ్రో అవే'లో 'అవే' పని 'పారేయ్'లోని 'ఏయ్'కి దగ్గర. 'రీడ్ ఆన్'లో 'ఆన్' పని, 'చదువుతూ పో'లో 'తూ పో' పని ఒకటే.

ఇది నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, మా కాక చెప్పాడు. మా జిల్లాలో చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ ఒకరు గల్ఫ్ పోయారు. కాక చదివింది ఏడో తరగతి. పదకొండేళ్లు అక్కడ క్రేన్ల కింద పనిచేశాడు. పుష్ బ్యాక్ సంగతి నవ్వుతూ చెప్తే ఆయన నవ్వలేదు.

"మాటను ఇడగొట్టి సూస్తివి గందుకే తప్పైంది. నువ్వు పుష్ యేరు, బ్యాక్ యేరు అనుకున్నవ్. మాకు సైట్ల గట్ల సూసే టైం యాడుంటది? 'వాచ్ అవుట్' అన్నడంటే బయటికి సూడు అనుకుంటే పానం పోతది."

"మరి నీకెట్ల తెలిసేది కాకా?"

"మనదాన్తోని జోడు పెట్టుకునేది. 'ఫినిష్ అప్' అంటే ఒడగొట్టుమని. 'యూజ్ అప్' అయిందంటే ఒడ్శిపోయిందని. గంతే."

నేను ఆగిపోయింది ఆ 'ఒడ్శిపోయింది' దగ్గర. మా బడిలో ఆ మాట అంటే సార్లు దిద్దేవారు. ఒడ్శింది అనొద్దు, పూర్తయినది అనాలి, సమాప్తమైనది అంటే ఇంకా మంచిది. ఇంట్లోని బతికున్న క్రియను కొట్టేసి బరువైన మాట రాయించడం మాకు తెలుగు క్లాసులోనే మొదలైంది. ఇంగ్లీషు క్లాసు అదే పని కొనసాగించింది, అంతే. కాకను ఏ క్లాసూ దిద్దలేదు కాబట్టి ఆయన రెండు భాషలకూ వంతెన కట్టుకున్నాడు. మేం దిద్దించుకున్నవాళ్లం, రెండు ఒడ్లకూ దూరమయ్యాం.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. తెలుగు ఆసరాతో పోతే 'లైట్ క్లోజ్ చెయ్' లాంటివి పుడతాయి కదా? పుడతాయి. మాటకు మాట పెడితే అంతే మరి. నేను పుష్ బ్యాక్ దగ్గర చేసింది కూడా సరిగ్గా అదే. పోల్చాల్సింది మాటను కాదు, ఆ మాటల జంట చేసే పనిని. కొన్నిటికి జోడు దొరకదు కూడా. 'మేక్ అవుట్', 'టర్న్ అప్' ఉత్తపుణ్యానికి గుర్తు పెట్టుకోవాల్సిందే. అటునుంచీ అంతే. మన 'సర్దుకుపో'లో ఉన్న ఓర్పు, రాజీ, కొంచెం ఏడుపు ఇంగ్లీషులో ఒకచోట దొరకవు. అందుకే దేశమంతా 'అడ్జస్ట్' అంటుంది. దొరకని చోట దొరకదని చెప్పడం కూడా పాఠమే.

ఈ గోల సాహిత్య పత్రికలో ఎందుకంటారా? మన అనువాదాలు తిరగేయండి. మూల నవలలో తాగుబోతు 'ఐ గివ్ అప్' అంటే తెలుగులో వాడు 'నేను ప్రయత్నాన్ని విరమించుకుంటున్నాను' అంటాడు. 'నావల్ల కాదు పో' అనడు. ఇంకోవైపు మన వ్యాసాల్లో 'రోజు చివరికి వచ్చేసరికి' అనే వింత మాట తిరుగుతోంది. అది సాయంత్రం గురించి కాదు, 'ఆఖరికి' అనాల్సిన చోటు. ఒకచోట బరువు, ఇంకోచోట మక్కికి మక్కి. రెండూ ఒకే బడిలో నేర్చుకున్నవి. ఇంకా ఒకటి: మనలో చాలామంది ఇంగ్లీషు ఇంటర్వ్యూల్లో తడబడేవాళ్ల వీడియోలు చూసి నవ్వుకుంటాం. ఆ నవ్వేవాళ్లలో తన 'ఒడ్శింది'ని దాచుకుని వచ్చినవాళ్లూ ఉంటారు. నేనూ నవ్వాను.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు మీడియం వద్దని నేననను. దానివల్ల ఉద్యోగం చేస్తున్నవాణ్ని, అనే హక్కు లేదు. కానీ పేజీలు ఎదురెదురుగా పెట్టినంత మాత్రాన భాషలు మాట్లాడుకోవు. 'అప్' ఉన్న పది వాక్యాలు ఒకవైపు, 'ఏయ్', 'పోవు' ఉన్న పది వాక్యాలు ఇంకోవైపు పెట్టి, ఏది దేనికి జోడో పిల్లల్నే తేల్చమనండి. వాళ్ల ఇంట్లో అనే మాటను బోర్డు మీద రాయనివ్వండి. దీనికి యాప్ అక్కర్లేదు, ఒక సుద్దముక్క చాలు.

మొన్న పసుపు తవ్వకాలప్పుడు ఊరికి పోయాను. అన్న కూతురు తొమ్మిదో తరగతి. ముందర ఫ్రేజల్ వర్బుల లిస్టు పెట్టుకుని బట్టీ కొడుతోంది. "బాబాయ్, యూజ్ అప్ అంటే?" అంది. "ఒడగొట్టుడు" అన్నాను. దాని మొహం వెలిగింది. నూనె ఒడగొట్టుడు, పైసలు ఒడగొట్టుడు అంటూ తనే నాలుగు వాక్యాలు చేసింది. తర్వాత పుస్తకం వెనకాల జవాబు చూసి మెల్లగా అడిగింది.

"ఈడ ఎగ్జాస్ట్ అని ఉంది. పరీక్షల ఏం రాయాలె?"

ఎగ్జాస్ట్ అనే రాయమన్నాను. మార్కు పోవద్దు కదా.